లౌటన్ మోసుకొచ్చిన అగ్రాసన్

పెళ్లాన్ని కొట్టడంలో లౌటన్‌కి ఊళ్లో పోటీ లేదు. జాండ్ కల్లు తాగితే ఒకలా, తాగకపోతే ఇంకోలా కొట్టేవాడు. ఈసారి నాట్లయ్యాక కర్ర పుచ్చుకుని బిస్ని ఎడమ చెయ్యి విరిచాడు. ఎముక వంకరగా అతుక్కుంది.

"వెళ్లి చెప్పుకోవే. ఎవడున్నాడు నీకు? అన్నా, తమ్ముడా?" అనేవాడు.

నిజమే, లేరు. అత్వారి పండగకి మగవాళ్లు ఒక రోజంతా ఉపవాసం ఉండి, మర్నాడు తమ చేత్తో వండుకుని, తాము ముద్ద ముట్టకముందే అక్కచెల్లెళ్లకి అగ్రాసన్ అని మొదటి వాటా తీసిపెడతారు. దాన్ని మోసుకెళ్లి ఇచ్చి వస్తారు. బిస్ని గుమ్మంలోకి ఏ ఏడూ ఎవరూ తేలేదు.

తనని విడిపించమని ఊరిపెద్ద మట్వా పతిరాం కాళ్లావేళ్లా పడింది. "మొగుడూ పెళ్లాల గొడవ, సర్దుకుపోవాలమ్మా" అంటూ ఆయన ఖైనీ నలుపుకున్నాడు. మట్వా మాట లేకుండా మొగుణ్ణి వదిలిన ఆడదానికి ఊళ్లో గూడు దొరకదు. బిస్నికి ఒళ్లు మండిపోయింది. ఈ మంట వాడికి తగిలే దాకా చల్లారనివ్వకూడదనుకుంది.

పండగ ముందు పక్కూళ్లో ఉన్న ఆడపడుచు జుగ్ని దగ్గరికి నడిచివెళ్లింది. తల్లి పోయాక లౌటన్‌ని పెంచింది ఆవిడే. వాడికి భయం ఉన్నా ప్రేమ ఉన్నా ఆ అక్క ఒక్కర్తె మీదే. బిస్ని నోరెత్తకుండా రవిక చెయ్యి పైకి లాగి చూపించింది.

జుగ్ని ఆ వంకర ఎముకని తడిమింది. "నేను ముద్దలు కలిపి పెట్టి పెంచిన వెధవేనా ఈ పని చేసింది! రానీ, వాణ్ణి దులిపేస్తాను."

"నువ్వు తిడితే ఆ కోపం నామీదే తీర్చుకుంటాడు వదినా. వాణ్ణి చూసి ఊరంతా నవ్వాలి. నాకు వాడి పీడ వదలాలి."

ఎలాగో కూడా చెప్పింది. జుగ్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో బిస్నికి తెలియలేదు.

పండగ మర్నాడు లౌటన్ బుట్టతో అక్క గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ బుట్ట ముట్టుకోలేదు.

"ముందు బిస్నికి పెట్టు. అందరూ చూస్తుండగా పెట్టు. అది తిన్నాకే నాకు. లేదంటే నేను చచ్చినా పాడె మొయ్యడానికి రాకు."

"పెళ్లానికా, అక్కా?"

"దానికే." తలుపు వేసేసింది.

మండుటెండలో వాడు బుట్ట వెనక్కి మోసుకొచ్చాడు. "ఏరా, మీ అక్క మొహాన కొట్టిందా?" అని దారిపొడుగునా ఎగతాళి. అక్క తలుపు మూసుకుందన్న దిగుల్లో వాడికి ఇంకేదీ బుర్రకెక్కలేదు. బిస్ని మట్వా వాకిట్లో ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. బుట్ట ఆమె ముందు పడేశాడు.

"తిని చావు."

"మీ అక్కకీ ఇలాగే పెడతావా?"

జనం కిసుక్కుమన్నారు. లౌటన్ పళ్లు కొరికాడు. గొంతు తగ్గించి, "తిను బిస్నీ" అన్నాడు.

ఆమె వంకర చేత్తో రొట్టె పట్టుకుని, తుంచుకుని, కూర అద్దుకుని తీరిగ్గా తింది. పగ ఇంత రుచిగా ఉంటుందని ఇన్నాళ్లూ తెలియలేదు. నీళ్లు తాగి మట్వా వైపు తిరిగింది.

"బాబాయ్, అగ్రాసన్ ఎవరికి పెడతారు?"

"అక్కకి, చెల్లెలికి..." అంటూనే ఆయన బుట్ట వైపు చూశాడు.

"ఓరి నీ మొహం మండా! పెళ్లాన్ని చెల్లెల్ని చేసుకున్నావేంట్రా!" అని ఓ ముసలమ్మ అరిచింది. వాకిలంతా పగలబడి నవ్వింది. లౌటన్ చెయ్యెత్తి బిస్ని మీదికి ఉరికాడు. అప్పుడే తోబుట్టువుల ఇళ్ల నుంచి తిరిగొస్తున్న మగవాళ్లు వాడి రెక్కలు విరిచిపట్టారు. పెళ్లాన్ని కొట్టినన్నాళ్లూ అడ్డురాని సన్నాసులే వాళ్లంతా.

"చెల్లెలి మీద చెయ్యెత్తుతావురా, పాపిష్టోడా!"

"అక్కే పెట్టమంది! అక్కే!" అంటూ లౌటన్ చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

మట్వా ఖైనీ ఉమ్మేశాడు. తప్పించుకునే దారి ఆయనకీ లేదు. "అగ్రాసన్ పెట్టాక ఆ పిల్ల నీకు పెళ్లాం కాదు. ఊళ్లో తనకి వేరే ఇల్లు నేను చూస్తాను. నువ్వు దాని జోలికి వెళ్లావో, ఊరు వదలాల్సిందే."

బిస్ని లేచి చెయ్యి కడుక్కుంది. ఖాళీ బుట్ట తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

"కూర మాడింది అన్నయ్యా. వచ్చే ఏడు చూసి వండుకురా."