టైల్ ముక్కల టీచరు

మార్త టీచరు వరండా మెట్టుమీద కూర్చుని టైల్ ముక్క అంచును గరుకు కాగితంతో అరగదీస్తోంది. బొటనవేలితో తడిమి చూసి, ఇంకా గీరుకుంటోందనిపించి మళ్లీ రుద్దింది. ముంజేతుల నిండా తెల్లటి దుమ్ము. ఏప్రిల్ ఆఖరు రోజు, పది కాకుండానే ఎండ మండిపోతోంది. కంకిపాడు దాటాక ఉన్న ఆ ఊరి హైస్కూలుకు అప్పటికే వేసవి సెలవులిచ్చేశారు. రిటైరయ్యే రోజున కూడా ఆమె పొద్దున్నే బెజవాడలో బస్సెక్కి వచ్చిందంటే, అది జుబియా కోసమే.

జుబియా పదో తరగతిలో లెక్కలు ఒక్కటే తప్పింది. సప్లిమెంటరీ రాయనని, చదువే మానేస్తానని భీష్మించుకు కూర్చుంది. తండ్రి ముస్తాక్ టైల్స్ పరిచే మేస్త్రీ. "మీరొక్కసారి చెప్పి చూడండి టీచర్ గారూ, నా మాట వినట్లేదండీ" అని పిల్లను బండిమీద దింపి పనికెళ్లాడు. ఈ ఒక్క పూటలో ఆ పిల్ల మనసు మార్చాలి. రేపటినుంచి మార్త ఈ బడి టీచరు కాదు.

ఆ ముక్కలు కోసిపెట్టిందీ ముస్తాకే. పెద్ద చదరం ఎక్స్ స్క్వేర్, పొడుగు పట్టీ ఎక్స్, చిన్న బిళ్ళ విలువ ఒకటి. అన్నిటినీ సందు లేకుండా దీర్ఘచతురస్రంగా పేరిస్తే, దాని పొడవూ వెడల్పే కారణాంకాలు. అంతకుముందు అట్టముక్కలుండేవి. మంగళగిరి చీరల పెట్టెలు, పెళ్లిపత్రికలు, ఏవి దొరికితే అవి కత్తిరించేది. ఓ వానాకాలం వాటిని చెదలు తినేశాయి. టైల్స్ మొదలయ్యాక "ఇది ఇల్లా, టైల్స్ కొట్టా?" అని భర్త జక్కయ్య విసుక్కునేవాడు. విసుక్కుంటూనే ఆ బరువు సంచి మోసుకొచ్చి బస్సెక్కించేవాడు. తోటి టీచర్లు బొమ్మలాట అని నవ్వారు. పిల్లలు మాత్రం తక్కువ తిన్నారా! స్కేలు పెట్టి పట్టీని కొలిచి, "ఎక్స్ పద్నాలుగు సెంటీమీటర్లండీ" అని చేతులెత్తేవారు. దాంతో ఆమె ఒక్కో సెట్టుకు ఒక్కో పొడవు కోయించింది. పక్కవాడి ఎక్స్ తమ ఎక్స్‌తో కలవక పిల్లలు జుట్టు పీక్కుని, చివరికి స్కేళ్లు సంచుల్లో పడేశారు. ఆ సాయంత్రం ఆమె ఇంటికెళ్లి పాయసం వండింది. ఇలాంటి మనిషిని మెచ్చుకోకుండా ఎలా ఉంటాం?

జుబియా చేత రెండు లెక్కలు పేర్పించింది. పిల్ల పేర్చింది గానీ తలెత్తలేదు. ఇంతలో హెడ్మాస్టర్ ఫిలిప్ గారు ఆఫీసు గుమ్మంలోంచి పిలిచారు.

"రిలీవింగ్ కాగితాల మీద సంతకాలు పెట్టాలమ్మా. ఒక్క నిమిషం."

మార్త టీచరు హడావిడిగా సుద్దతో నేలమీద ఇంకో లెక్క రాసి, "నేనొచ్చేలోగా పేర్చు తల్లీ" అని వెళ్లింది.

ఒక్క నిమిషం కాస్తా చాలాసేపు సాగింది. తిరిగొచ్చేసరికి జుబియా చున్నీ నడుముకు చుట్టి, మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ముక్కు మీద చెమట. నాలుగు పట్టీలు ఇటు, ఒకటి అటు పెట్టింది. తీసేసి మూడు ఇటు, రెండు అటు పెట్టింది. ఏ లెక్క దగ్గర ఆగినా "నాకు రాదు టీచర్" అని చేతులు ఒళ్లో పెట్టేసుకోవడం ఆ పిల్లకు ఏడాదిగా అలవాటు. ఇప్పుడూ అదే వినాల్సి వస్తుందనుకుంది మార్త టీచరు.

"ఇది కుదరదు టీచర్" అంది జుబియా.

"ఏం కుదరదమ్మా?"

"ఎటు పేర్చినా కుదరదండీ. ఇందాకటిలా పెడితే మూడు బిళ్ళలు మిగిలాయి. ఇలా పెడితే ఒకటి. నేను కరెక్టుగానే పెట్టాను. లెక్కే తప్పు."

మార్త టీచరు కళ్లజోడు సవరించుకుని వంగి చూసింది. ఐదు పట్టీలకు ఆరు బిళ్ళలు రాయబోయి ఏడు రాసింది. ఇన్నేళ్ల సర్వీసులో ఆఖరి లెక్క, అదీ తప్పు! సిగ్గేయలేదామెకు. నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు నిండాయి. తప్పెప్పుడూ తనదే అనుకునే పిల్ల టీచరు తప్పు పట్టుకుంది. ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది.

"తప్పు నాదేనమ్మా" అంది.

జుబియా చేతుల దుమ్ము దులుపుకుంది. "పరీక్ష ఏ తారీఖున టీచర్?"

మధ్యాహ్నం ముస్తాక్ వచ్చి కూతుర్ని తీసుకెళ్లాడు. శాలువా, ఫొటోలు సెలవులకు ముందే అయిపోయాయి. సాగనంపడానికి ఫిలిప్ గారొక్కరే గేటుదాకా వచ్చారు.

"మీ ముక్కలు తీసుకెళ్లరా అమ్మా?"

"ఉండనివ్వండి సార్. దాని క్లాసులో దీవెన కూడా లెక్కలు తప్పింది కదండీ. రేపు దాన్ని తీసుకొచ్చి జుబియానే చూపిస్తుందంట."

ఉయ్యూరు నుంచి వచ్చే బస్సు ఆగింది. మార్త టీచరు ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని ఎక్కింది. కిటికీ దగ్గర సీటు దొరికింది.

ఫిలిప్ గారు వెనక్కొచ్చి ఆఫీసుకు తాళం వేశారు. వరండాలో జుబియా పేర్చిన దీర్ఘచతురస్రం అలాగే ఉంది. దాని పక్కన, ఎక్కడా ఇమడని చిన్న నీలం బిళ్ళ ఒకటి.