బుధవారం మార్కులు

డెల్బర్ట్‌కి ఆ యాప్ మీద మొదటిరోజే అనుమానం వచ్చింది. కూతురు రోండా దాన్ని అతని ఫోన్‌లో పెడుతూ, "ఏం లేదు నాన్నా, నువ్వు వ్యాన్ ఎలా నడుపుతున్నావో చూసి ఇన్సూరెన్స్ తగ్గిస్తారు, అంతే" అంది. "ఏం లేదు" అంటూ ఇంట్లోకి వచ్చినవి పోతూ పోతూ ఏదో ఒకటి పట్టుకునే పోతాయని డెబ్భై ఎనిమిదేళ్ల డెల్బర్ట్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు.

హోమ్స్ కౌంటీలో అతనిది, మతం పట్టింపుతో పాతకాలపు పద్ధతుల్లో బతికే ఆమిష్ వాళ్లని వ్యాన్‌లో తిప్పే పని. వాళ్లు కారు కొనరు, నడపరు. ఒకరు నడుపుతుంటే ఎక్కడానికి మాత్రం అభ్యంతరం లేదు. గుర్రబ్బండి పోలేనంత దూరం ఆసుపత్రికో పెళ్లికో వెళ్లాలంటే డెల్బర్ట్ వ్యానే. భార్య పోయాక ఈ పదేళ్లూ పొద్దున్నే అతన్ని మంచం మీంచి లేపుతున్నది ఈ పనే. ఆ ఏడు ఇన్సూరెన్స్ ఎంత పెరిగిందంటే, తగ్గించుకోకపోతే వ్యాన్ అమ్ముకోవాల్సిందే.

ఇన్సూరెన్స్ ఆఫీసువాడు రెండు దారులు చెప్పాడు. జాగ్రత్తగా నడపడం నేర్పే కోర్సు పాసైతే పదో వంతు తగ్గుతుంది. మూడు నెలలు యాప్ పెట్టుకుని మంచి మార్కులు తెచ్చుకుంటే మూడో వంతు దాకా తగ్గుతుంది. మార్కులు రాకపోతే ఏమిటని డెల్బర్ట్ అడిగితే, వాడు పెన్నుకి మూత పెట్టి వాతావరణం గురించి మాట్లాడాడు.

కోర్సు మాత్రం డెల్బర్ట్‌కి తెగ నచ్చింది. ఫైర్ స్టేషన్ హాల్లో రెండు శనివారాలు, కాఫీ, డోనట్లు, తనలాంటి నెరిసిన తలలు పద్దెనిమిది. ముందు బండికి మూడు సెకన్ల ఎడం ఉంచాలట. ఆ సంగతి పాఠం చెప్పేవాడు పుట్టకముందు నుంచీ ఇతనికి తెలుసు. పరీక్షలో యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి. సర్టిఫికెట్ ఫ్రిజ్ మీద అంటించి, ఇక ఆ యాప్ తీసి పారెయ్యమన్నాడు. రోండా తీయలేదు. మూడు నెలలు చూద్దాం నాన్నా అంది. ఆ గొంతులో మెత్తదనం అతనికి నచ్చలేదు. రోండా మెత్తగా మాట్లాడే రకం కాదు.

ఆరు వారాలయ్యాక చూసుకుంటే నూటికి యాభై నాలుగు. డెల్బర్ట్‌కి ఒళ్లు మండిపోయింది. ఉన్నపళంగా బ్రేకు వేశాడట, ఇరవై మూడుసార్లు. యాభై ఏళ్లలో ఒక్క జరిమానా కట్టని మనిషి మీద ఇదా నేరం? ఈ దొంగసాక్షిని పట్టుకోవాలనుకున్నాడు. ఏ రోజు ఎవర్ని ఎక్కడికి తీసుకెళ్లాడో క్యాలెండర్ మీద రాసుకోవడం అతని అలవాటు. క్యాలెండర్‌నీ ఫోన్‌నీ వంటింటి బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నాడు.

ముందుగా కనబడింది, క్యాలెండర్ మీద పేర్లు పలచబడ్డాయని. కొత్త వ్యాన్‌వాడెవడో బేరాలు ఎగరేసుకుపోతున్నాడని ఎప్పట్నుంచో అనుమానమే. రెండోది అంతకన్నా వింత. ఒంటరిగా వెళ్లిన రోజులన్నీ నలభై లోపే. బుధవారాలు మాత్రం తొంభై ఆరు, తొంభై ఏడు. బుధవారమంటే ఎనోస్.

ఎనోస్ పాత స్నేహితుడు, తెల్లగడ్డం ఆమిష్ రైతు. నవంబర్ నుంచీ వారం వారం పశువుల వేలానికి వస్తున్నాడు. ఒక్కనాడూ ఒక కోడిపిల్లనైనా కొన్న పాపాన పోలేదు. వాళ్ల ఇళ్లలో ఫోన్లుండవు గనక, దారిలో డెల్బర్ట్ ఫోన్ తీసుకుని ఎవరెవరికో చేస్తుంటాడు. డెల్బర్ట్‌కి తీగ దొరికింది. ఎనోస్ ఆ ఫోన్‌ని ఏదో చేస్తున్నాడు, రోండాతో కలిసి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, తను పట్టేస్తాడు.

ఆ బుధవారం వేలం నుంచి తిరిగి వస్తూ డెల్బర్ట్ చెవులు రిక్కించాడు. ముందు సీట్లో ఎనోస్ ఎప్పటిలాగే వాగుతూనే ఉన్నాడు. అదిగో రేబర్ వాళ్ల మూల, ఇక్కడ ఆగాల్సిందే కదా అన్నాడు. ఆ ముందు గుర్రబ్బండి ఎవరిదో, పాపం గుర్రం ముసలిదైపోయింది అన్నాడు. డెల్బర్ట్ చర్చి ముందున్న ఖాళీ జాగాలో వ్యాన్ ఆపాడు.

"నా ఫోన్‌తో ఏం చేస్తున్నావయ్యా నువ్వు?"

"మాట్లాడుతున్నా. ఇంకేం చేస్తారు దాంతో?"

"మరి నువ్వున్న రోజే నాకు తొంభై ఆరు ఎలా వస్తోంది?"

ఎనోస్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమిష్ మనిషి అడగనిదే చెప్పడు. సూటిగా అడిగితే అబద్ధమాడడు. అందుకే కౌంటీలో ఎవరూ వాళ్లని సూటిగా అడగరు. డెల్బర్ట్ కోపంలో ఆ సంగతి మరిచిపోయాడు.

"నవంబర్లో మా ఆవిడ లొవైనాని ఆసుపత్రికి తీసుకెళ్లావు గుర్తుందా? ఆగమన్న బోర్డు దగ్గర ఆగలేదు నువ్వు. అడ్డంగా వస్తున్న బగ్గీ వాడు కాలవలోకి తిప్పుకుని బతికాడు. నువ్వు వాణ్ని చూడను కూడా లేదు."

"నాకెవరూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

తక్కినవాళ్లంతా అందుకే కొత్త వ్యాన్ మాట్లాడుకున్నారని, తను మాత్రం ముందు సీట్లో కూర్చుని ఎదురొచ్చేవాటిని పైకి చెబుతున్నానని ఎనోస్ నెమ్మదిగా చెప్పాడు.

"అయితే వేలంలో పనేంటి నీకు?"

"ఏం లేదు."

డెల్బర్ట్ మనసులో లెక్క వేసుకున్నాడు. సర్టిఫికెట్ ఉంది. పదో వంతు తగ్గుతుంది. యాప్ తీసేస్తే ఇక అడిగేవాడు లేడు. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది, అయినా పోలేదు. చివరికి, జవాబు వినాలని లేకపోయినా అడిగాడు.

"మరి నేనొక్కణ్ణే వెళ్లే రోజుల్లో?"

"నీ వ్యాన్ చప్పుడు వినబడగానే పిల్లల్ని రోడ్డు మీంచి లోపలికి పిలుస్తాం."

డెల్బర్ట్ ఇంజిన్ ఆపి తాళంచెవి తీశాడు. కూతురికి ఫోన్ చేసి, చర్చి దగ్గరున్నాం, వచ్చి వ్యాన్ తీసుకెళ్లు, ఎనోస్‌ని కూడా ఇంటి దగ్గర దింపాలి అన్నాడు.

రోండా ఎందుకని అడగలేదు.