పడవ నిద్రపోయిన చోటు

మా వాగులో పడవ నిద్రపోతుంది. ఏడాదిలో పదకొండు నెలలు బురదలోనే ఉంటుంది. ముప్పై మంది మగవాళ్ళు వరసగా కూర్చునేంత పొడుగు పడవ. దాని మీద బురద, బురద మీద నీళ్ళు, నీళ్ళ మీద మా బాతులు. గాలికీ ఎండకీ వదిలేస్తే చెక్క ఎండి పగుళ్ళు తీస్తుందని తాతల కాలం నుంచీ ఇలాగే పాతిపెడుతున్నారు. నాలుగో నెల ఎనిమిదో రోజున లేపుతారు. ఐదో నెల ఐదో రోజున, పండగకి, డప్పు కొట్టుకుంటూ చుట్టాల ఊళ్ళకు వెళ్ళి వచ్చి, మళ్ళీ పడుకోబెడతారు. ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో పొద్దున్నే వంతెన మీద నిలబడి, అడుగు నుంచి బుడగలు రావడం చూసేదాన్ని. పడవ ఊపిరి పీల్చుకుంటోందనుకునేదాన్ని. ఇప్పటికీ చూస్తాను, ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

ఆడవాళ్ళు ఆ పడవను ముట్టుకోకూడదు. వంతెన మీద నుంచి చూడొచ్చు, గొంతు పోయేలా అరవొచ్చు, తెడ్లు వేసి వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టొచ్చు. వీటికి మాత్రం ఏ అడ్డూ లేదు.

మా ఆయన పేరు కామ్‌తోంగ్. నలభై ఆరేళ్ళు. చేపల లారీ నడుపుతాడు, తొట్లు తనే దించుతాడు. పడవలో ఆయన చోటు ముందు బల్ల మీద. ముందు బల్లవాళ్ళు తెడ్డు ఎలా వేస్తే వెనక ఉన్నవాళ్ళంతా అలాగే వెయ్యాలి. పెళ్ళికి ముందు నుంచీ ఆయన అక్కడే కూర్చుంటున్నాడు. ఆ చోటంటే ఆయనకు నాకంటే ఇష్టం. కుళ్ళుకుని అనడం లేదనుకునేరు, కుళ్ళుకునే అంటున్నాను.

ఆ బల్ల మీద ఆయన పక్కన వాళ్ళ పెదనాన్న కొడుకు చూన్‌హేయ్ బావగారు కూర్చునేవారు. రెండేళ్ళ కిందట తెడ్డు వేస్తూ వేస్తూ ఆయన భుజం పట్టేసుకుంది. చెయ్యి పైకి లేవలేదు. అప్పటి నుంచి పడవ మధ్యలో కూర్చుని కర్రతో గంట మోగిస్తున్నారు. గంట మోగించడమూ గౌరవమే అని ఊళ్ళో అందరూ అంటారు, అనేసి పక్కకు తిరిగి నవ్వుతారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు మా ఆయనే. "అన్నా, గంట బరువుగా ఉందా? కాస్త మోసిపెట్టనా?" అని వంతెన దాకా వినిపించేలా అడిగేవాడు.

అందుకే మొన్న చలికాలంలో తన భుజమే కిర్రుమనడం మొదలెట్టినప్పుడు ఎవరికీ చెప్పలేదు. తలుపు వేసి నాచేత నూనె రాయించుకునేవాడు. ఇల్లంతా ఆ మందు నూనె వాసనే.

"చెబితే ఏమవుతుంది?" అన్నాను.

"నన్ను కూడా మధ్యలో కూర్చోబెడతారు. ఒక పడవకి రెండు గంటలా?"

ఈ ఏడు పడవ లేపే రోజున మగవాళ్ళంతా వాగులోకి దిగారు. పడవ సంగతి చూసే సెక్‌యావ్ తాత ఒడ్డున నిలబడి అరుస్తున్నాడు. "లాగకండ్రా! ఊపండి! నిద్రపోయేవాణ్ణి జుట్టు పట్టుకుని లేపుతారా ఎవరైనా?" లోపలి బురద చేతులతో తోడేసి, పడవను అటూ ఇటూ మెల్లగా ఊపుతూ ఉంటే అడుగుకి నీళ్ళు చేరతాయి. అప్పుడది తనంతట తనే తేలుతుంది. ఈ సంగతి మా ఆయనకు తెలియక కాదు. కానీ తన భుజం బాగుందని ఆ రోజు అందరికీ చూపించాలి, ఎవరూ అడగకపోయినా సరే. అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

తర్వాత పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. మా ఆయన అలా నవ్వేది మా అమ్మ వచ్చినప్పుడే. ఏదో తెగిందని వంతెన మీద నాకు అర్థమైపోయింది.

మర్నాడు చేపల లారీలోనే పట్నానికి లాక్కుపోయాను. భుజంలో నరం సగం చిరిగిందన్నాడు డాక్టరు. ఇప్పుడు ఆపితే మెల్లగా అతుక్కుంటుంది, ఇలాగే తెడ్డు వేస్తే పూర్తిగా తెగుతుంది, కోసి కుట్టినా మునుపటి చెయ్యి రాదు అన్నాడు. మా ఆయన బుద్ధిగా తలూపాడు. లారీ ఎక్కగానే, "పండగ దాకా లాగిస్తే చాలు" అన్నాడు.

"ఆ తర్వాత లారీ ఏ చేత్తో నడుపుతావు? కాళ్ళతోనా?"

"నువ్వు ఊరుకోవే."

ఊరుకున్నాను. ఆయన రోజూ సాయంత్రం సాధనకు వెళ్ళాడు. ముందు బల్ల మీదే కూర్చున్నాడు. ఇంటికొచ్చి అన్నం గిన్నె ఎడమచేత్తో పట్టుకుని, నోరే గిన్నె దగ్గరికి దించి తిన్నాడు. నాకు భయం వేసింది. ఆ చెయ్యి పోతుందనీ, పోయాక కూడా ఆయన ఆ బల్ల వైపే చూస్తూ బతుకుతాడనీ భయం వేసింది.

అప్పుడే ఆయనకు ఆ కల మొదలైంది. పొద్దున గంజి తాగుతూ చెప్పేవాడు.

"మళ్ళీ అక్కడే పడుకున్నానే."

"ఎక్కడ?"

"బురదలో, పడవ పక్కన. పైన నీళ్ళు. బాతుల పాదాలు కనిపిస్తున్నాయి, నారింజ రంగువి. ఎక్కడో డప్పు మోగుతోంది. నన్ను లేపడానికి ఎవరో బురద తోడుతున్నారు. నాకేమో ఇంకాసేపు పడుకోవాలని ఉంది."

"మరి చెప్పకపోయావా?"

"నోట్లో బురద."

ఒక్కసారి వస్తే కల అనుకోవచ్చు. రోజూ వస్తుంటే ఏమనుకోవాలి? ఒకరోజు తెల్లవారుజామున లేచి వాగు దాకా వెళ్ళి చూశాను. ఆటుకి నీళ్ళు తగ్గి ఉన్నాయి. పడవ పడుకున్న గుంట బయటపడింది. పొడుగ్గా, నున్నగా, రెండు చివర్లా సన్నగా, పడవ ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. మంచు కమ్మిన ఆ వెలుతురులో చూస్తే పడవ ఇప్పుడే లేచి వెళ్ళినట్టుంది. ఇంటికి పరిగెత్తి ఆయన్ను లేపాను.

"రా. నీ కల చూపిస్తాను."

ఆయన గుంటను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. చొక్కా విప్పి, దిగి, ముందు బల్ల వచ్చే చోట వెల్లకిలా పడుకున్నాడు. నేనూ చీలమండల దాకా బురదలోకి దిగాను. ఆడవాళ్ళు పడవను ముట్టుకోకూడదన్నారు గానీ, అది పడుకునే గుంట గురించి ఎవరూ ఏమీ అనలేదు. చల్లటి బురద దోసిళ్ళతో తీసి ఆయన భుజం మీద వేసి, మెల్లగా అద్దాను. మోచెయ్యి మునిగింది, మణికట్టు మునిగింది. వేళ్ళు మాత్రం పైన మిగిలాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎన్నో నెలల తర్వాత ఆ మొహంలో నొప్పి లేదు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ వచ్చిందో చెప్పలేను. ఎంత కోపం వచ్చిందో కూడా చెప్పలేను.

"డప్పు వినిపిస్తోందా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

కల కంటున్నాడనుకున్నాను. కానీ నాకూ వినిపించింది. దుమ్... ఆగి, దుమ్... ఆగి. వంతెన వైపు నుంచి. మంచులో ఒక మనిషి నీడ. వంతెన కమ్మీకి పాత సైకిలు ట్యూబు కట్టుకుని, మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, కొంచెం కొంచెంగా లాగుతున్నాడు, మెల్లగా వదులుతున్నాడు. లాగినప్పుడల్లా వదులైన కమ్మీ కదిలి మోగుతోంది.

మమ్మల్ని చూసి ఆ మనిషి ట్యూబు వదిలేసి, "ఎవర్రా అది? దెయ్యమా?" అని కేక పెట్టాడు. చూన్‌హేయ్ బావగారు.

"దెయ్యం కాదు బావగారూ, మీ తమ్ముడు" అన్నాను.

"బురదలో ఏం చేస్తున్నాడమ్మా?"

"పడుకున్నాడు."

ఆయన ఒడ్డుకు వచ్చి తొంగిచూశారు. పాతేసిన భుజం చూశారు. నూనె వాసన పసిగట్టినట్టున్నారు, ఇక అడగలేదు. గట్టు మీద గొంతుక్కూర్చున్నారు.

"ఎప్పటి నుంచి?"

"చలికాలం నుంచి." మా ఆయన కళ్ళు తెరిచాడు. "అన్నా, నువ్వు రోజూ వస్తావా ఇక్కడికి?"

"రోజు విడిచి రోజు. రోజూ చేస్తే మళ్ళీ వాస్తుంది. ముందు వాగు చుట్టూ నడిచి ఒళ్ళు వెచ్చబడ్డాకే ట్యూబు ముట్టుకుంటాను. చురుక్కుమంటే ఆపేస్తాను. ఎవరూ చూడకుండా వస్తాను, ముసలోడు రబ్బరు ముక్కతో ఆడుకుంటున్నాడని మళ్ళీ నువ్వే నవ్వుతావని."

"ఎంత కాలం పట్టింది?"

"రెండేళ్ళు. అందులో మొదటి ఏడాది రోషం తగ్గడానికే పోయింది." అని బావగారు కుడిచెయ్యి నిటారుగా పైకెత్తారు. చెవి పక్కగా, తిన్నగా, ఆకాశంలోకి లేచింది. రెండేళ్ళుగా ఊరంతా జాలిపడ్డ చెయ్యి అది.

మా ఆయన ఆ చేతి వైపు చూశాడు. కంటి పక్క నుంచి నీళ్ళు కారి బురదలో కలిశాయి.

"అన్నా, బల్ల ఖాళీగా ఉంది. కూర్చుంటావా?" అన్నాడు.

బావగారు చెయ్యి దించారు. "నీ నోటితో నువ్వే అందరి ముందూ చెప్పాలి" అన్నారు.

ఆ సాయంత్రం చెప్పాడు. తెడ్లు దాచే పాకలో అందరి ముందూ తన తెడ్డు తెచ్చి బావగారి చేతిలో పెట్టి, గంటా కర్రా తీసుకున్నాడు. సెక్‌యావ్ తాత, "గంట కర్ర ఎడమచేత్తో పట్టుకోరా, ఆ చెయ్యి పడుకోనీ" అన్నాడు. ముసలాయనకు ముందే తెలుసన్నమాట.

పండగ రోజున పడవ మా వంతెన కిందికి వచ్చినప్పుడు ముందు బల్ల మీద బావగారి తెడ్డు నీళ్ళను తాకీ తాకనట్టు దిగుతోంది, వెనక తెడ్లన్నీ దాని వెంటే దిగుతున్నాయి. మధ్యలో మా ఆయన. బావగారు వెనక్కి తిరిగి, "తమ్ముడూ, గంట బరువుగా ఉందా?" అని అరిచారు. వంతెన మీద ఆడవాళ్ళమంతా విరగబడి నవ్వాం. మా ఆయన కూడా నవ్వాడు, పళ్ళు కనబడకుండా, మామూలుగా. నాకు ఏడుపొచ్చింది.

పడవను పడుకోబెట్టిన రోజున ఆయన్ను నీళ్ళలోకి దిగనివ్వలేదు. తొట్లు దించడానికే మనిషిని పెట్టుకున్నాం, ఇక్కడ దిగనిస్తానా? ఒడ్డున వంగి, ఎడమచేత్తో ఒక చారెడు బురద తీసి, మునుగుతున్న పడవ అంచు మీద వేసి తట్టాడు. పిల్లల వీపు తట్టినట్టు తట్టాడు. తర్వాత నీళ్ళు కమ్మేశాయి, బాతులు వచ్చేశాయి.

మర్నాడు పొద్దున గంజి పోస్తూ అడిగాను.

"కల వచ్చిందా?"

"వచ్చింది. అక్కడే. డప్పు మోగింది, ఎవరో తోడటానికి వచ్చారు."

"లేచావా?"

"ఇప్పుడే కాదు, ఇంకా నిద్ర తీరలేదని చెప్పాను."

"నోట్లో బురద లేదా?"

"లేదే" అన్నాడు. గంజి తాగి, గూట్లోంచి సైకిలు ట్యూబు తీసుకుని, వాగు చుట్టూ నడవడానికి వెళ్ళాడు.