పులుపు చెట్టు పెత్తనం

మా తోడికోడలి చెట్లు విరగబూశాయని కబురు వచ్చిన పూట నాకు తలనొప్పి అని మా ఆయనతో చెప్పి పడుకున్నాను. కడుపుమంటకు మందు తెమ్మని అడగలేం కదా.

మాది యాపిల్ తోట. ఈ మధ్య శీతాకాలాలు పేరుకే వస్తున్నాయి. తగినంత చలి తగలకపోతే యాపిల్ మొగ్గ నిద్ర లేవదు. లేచినా ఆలస్యంగా, ఒక కొమ్మ ఇప్పుడు, ఇంకో కొమ్మ ఎప్పుడో. నేను కాపురానికి వచ్చిన కొత్తలో గంపలు మోయలేక ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఆ గంపలే బోర్లించుకుని కూర్చుంటున్నాం.

చలిని వెతుక్కుంటూ మా మరిది, నా తోడికోడలు చిన్నది కలిసి కొండ మీద ఎవరూ అడగని నేల తీసుకున్నారు. "రాళ్ళు పండిస్తారట!" అని అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. మా తోటలోంచి ఎర్రకాయ రకం రెమ్మలు తీసుకెళ్ళి అంట్లు కట్టుకున్నారు. అవి నిలదొక్కుకున్నాయి, ఏపుగా పెరిగాయి, ఇప్పుడు పూశాయి.

చూడకుండా ఉండలేక కొండెక్కాను. ఒక్క చెట్టయినా వంకరగా ఉంటే బాగుండునని దారంతా అనుకున్నాను. ఒక్కటీ లేదు. ఆకు కనబడనంత పూత, చెవులు గింగుర్లెత్తేలా తేనెటీగలు. నా మొహం మాడిపోయి ఉంటుంది, అందుకే ఎండ అని చెంగు అడ్డం పెట్టుకున్నాను.

"పూత చూసి మోసపోకక్కా," అంది చిన్నది. "నిరుడూ ఇలాగే పూసింది, మీకు చెప్పలేదంతే. ఒక్క పిందె నిలవలేదు. ఈ ఏడూ నిలవకపోతే ఇక మా వల్ల కాదు, దిగొచ్చేస్తాం."

అప్పుడు వరసల వెంట మళ్ళీ చూశాను. అన్నీ ఎర్రకాయే. తీపి కాయ కదా అని రెమ్మలన్నీ దానివే కోసుకెళ్ళారు. ఎర్రకాయ పూవుకు దాని పుప్పొడి పనికిరాదు, వేరే రకం పుప్పొడి సోకాలి. కింద మా తోటలో ఆ పని చేసేది పనిముట్ల కొట్టు పక్కనున్న పులుపు చెట్టు. దాని కాయ నోట పెట్టలేం. అన్నదమ్ములిద్దరూ దాన్ని కొట్టేద్దామని చూసినవాళ్ళే. మావయ్య పడనివ్వలేదు. ఎందుకో, తేనెపెట్టెలు చూసుకునే నాకు మాత్రం చెప్పి పోయాడు.

చెప్పాల్సిన మాట నాలుక చివరదాకా వచ్చింది, మింగేశాను. దిగొస్తుంది, మళ్ళీ నా పొయ్యి దగ్గర ఉల్లిపాయలు తరుగుతుంది అనుకుంటే ఎంత హాయిగా ఉందో!

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన, "పైన కూడా కాయకపోతే రెండిళ్ళవాళ్ళం కూలికి పోవడమే," అన్నాడు. అది విని బెంగ కలిగింది, కాదనను. కానీ ఆయన అంతటితో ఊరుకోలేదు. "ఏమైనా ఆ అమ్మాయి చేతిలో ఏదో ఉందే. రాళ్ళలో పూలు పూయించింది."

ఆ మాటకు కంచంలోనే చెయ్యి కడిగేశాను. ఎవరి చేతిలో ఏముందో చూపిస్తాను అనుకున్నాను.

తెల్లారగానే పులుపు చెట్టు పూల కొమ్మలు కోసి, నీళ్ళ బకెట్లలో నిలబెట్టి, వ్యాన్‌లో కొండకు చేర్చాను. వరసల మధ్య బకెట్లు నేనే సర్దాను. మిగతాది తేనెటీగలు చూసుకున్నాయి. పూత రాలాక ప్రతి గుత్తిలోనూ పిందెలు నిలిచాయి.

చిన్నది పిందెల్ని చూసింది, నన్ను చూసింది. "ఇది తెలిసే మొన్న ఊరుకున్నావా?"

"నువ్వు అడిగావా?"

"ఇప్పుడు అడుగుతున్నా. ఆ చెట్టువి నాలుగు రెమ్మలివ్వక్కా, పైన అంటు కట్టుకుంటాం."

"రెమ్మలివ్వను. ఏటా పూలిస్తాను, వచ్చి పట్టుకెళ్ళు."

ఏటా నా గుమ్మం ఎక్కాలి. అదీ నా లెక్క. "కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఉండాలి అంటే ఎలాగే?" అని మా ఆయన అన్నాడు. వినలేదు.

మరుసటి శీతాకాలం స్వెట్టర్లు పెట్టెలోంచి తీయనే లేదు. కొండ మీద పూత మొదలైంది. నా పులుపు చెట్టుకు మాత్రం ఒక్క మొగ్గ విచ్చలేదు. చిన్నది ఖాళీ బకెట్లతో వచ్చి చెట్టు కింద నిలబడింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. అది బకెట్లు కింద పెట్టి, చెట్టు బెరడు గోటితో గీరి చూసింది. "ఎండిపోతోందక్కా," అని నాకంటే ముందు అది ఏడ్చింది. నా చెట్టుకు ముందుగా ఏడ్చే హక్కు కూడా నాకు మిగల్చలేదు.

ఆ ఏడు పైనా కాపు లేదు. అన్నదమ్ములు కూలికి పోయారు.

ఆ వసంతం దాటకముందే పులుపు చెట్టులో ఇంకా పచ్చిగా, నిద్రలోనే ఉన్న రెమ్మలు వెతికి కోశాను. కత్తి మాత్రం చిన్నదాని చేతికివ్వలేదు. కొండెక్కి, వరసకో చెట్టు చొప్పున నేనే చీల్చి, రెమ్మ దిగేసి, గుడ్డపీలిక చుట్టి, మైనం పూశాను. అది పక్కన నిలబడి పీలికలు అందించింది.

రెండో వసంతంలో ఫోన్ చేసింది. "అక్కా, నీ చెట్టు పూసింది. రా."

వెళ్ళాను. కింద మా తోటలో మూలుగుతూ నాలుగు పూలు రాల్చిన చెట్టు అది. ఇక్కడ ఎర్రకాయ కొమ్మల మధ్య తెల్లగా, రెమ్మ కనబడనంతగా పూసింది. ఇంట్లో ముద్ద ముట్టని పిల్ల పిన్ని ఇంట్లో మారడిగి తింటుంటే, తల్లి గుమ్మంలో ఎలా నిలబడుతుందో అలా నిలబడ్డాను. కింద ఆ ఏడు దానికి ఆకు కూడా రాలేదు.

"ఎలా ఉందక్కా?" అంది చిన్నది భయంభయంగా.

"నీళ్ళు ఎక్కువ పోస్తున్నావు," అన్నాను. అనడానికి ఇంకేమీ దొరకలేదు.