రాజు తల నెరిసే రంగం

అర్జునరావు రేవులో గ్యాంగు మేస్త్రీ. వారమంతా ఓడలోంచి బస్తాలు దించే కళాసీల మీద కేకలేసేవాడు. ఆదివారమొస్తే రాజు వేషం కట్టేవాడు. నైట్ షిఫ్టు వాళ్ళు కూడా చూడాలి కదా, అందుకని రేవు కళాసీల నాటకం పగలే ఆడేవారు నాయనా. డెబ్బై ఎనిమిదో సంవత్సరం మాట.

కథ ఇదీ. చెరువు తూము ఎవరో తెరిస్తే ఊరు మునుగుతుంది. తప్పు తూము కాపరిదేనని రాజు వాణ్ణి ఉరితీయిస్తాడు. చివరి రంగంలో కాపరి పెళ్ళాం వచ్చి, తూములో దొరికిన రాజుగారి ఉంగరం ఆయన చేతిలోనే పెడుతుంది. తాగిన మత్తులో తూము తెరిచింది తానేనని రాజుకి అప్పుడు తెలిసొస్తుంది. కిరీటం తీసి పద్యం ఎత్తుకునేటప్పుడు నల్లగా ఉన్న అర్జునరావు జుట్టు, రాగం దిగేసరికి ముగ్గుబుట్టయ్యేది. రంగు లేదు, పిండి లేదు. ఇంటికెళ్ళి కొబ్బరినూనె రాసుకుంటే తెల్లారేసరికి మళ్ళీ నలుపే. దానికెవరూ ముక్కున వేలేసుకోలేదు. సింహాచలం అప్పన్నస్వామి, నాటకానికి వాయించే వరహాలుకి హార్మణీ ఇచ్చాడు, ఇతనికిదిచ్చాడు.

"'నాను రాజుని' అన్నోడు పావుగంటలో 'నాను హంతకుణ్ణి' అనాల. మనిషి మారకపోతే జుట్టెలా మారతాది బావా?" అనేవాడు, చెల్లెలి మొగుడు తవిటయ్యతో.

కళాసీ పని చేసే ఆ తవిటయ్య మీదే బస్తాల మోపు తెగిపడి ప్రాణం పోయింది. మోపు దించే తీగతాడు పోగులు విడిపోయాయని అతను ముందురోజే చెప్పాడు. "రేపు మార్పిత్తాన్లే బావా" అన్నాడు మేస్త్రీ.

ఎంక్వయిరీ పెట్టారు. తప్పు తాడుదైతే చెల్లెలు చిలకమ్మకి మొగుడి బదులు ఉద్యోగమొస్తుంది, అర్జునరావు మేస్త్రీ పని పోతుంది. తప్పు తవిటయ్యదైతే ఆమెకేమీ రాదు.

శనివారం అర్జునరావు సాక్ష్యం చెప్పి వచ్చాడు.

"ఏటి సెప్పేవన్నా?" అంది చిలకమ్మ, గుమ్మంలోనే.

"ఉన్నదున్నట్టే సెప్పేనే. అప్పన్న మీదొట్టు."

"నాకు తెల్దా? రేపు నాటకానికొస్తాను. ఆయన కూకునే సోటే కూకుంటాను."

మర్నాడు కాపరి పెళ్ళాం వేషంలో యేసుదానం ఉంగరం తెచ్చిచ్చాడు. అర్జునరావు కిరీటం తీసి పద్యం అందుకున్నాడు. గొంతు ఖంగుమంది. కన్నీళ్ళూ కారాయి. జుట్టు మాత్రం కాకి రెక్కలా అలాగే ఉంది. వరహాలు రాగం సాగదీశాడు. జనం వన్స్ మోర్ అన్నారు. మళ్ళీ పాడాడు. మూడోసారీ పాడాడు.

"మేస్త్రీ, నూనె ఎక్కువైపోనాదేటి?" అన్నారెవరో. అందరూ గొల్లుమన్నారు.

చిలకమ్మ నవ్వలేదు. లేచి, స్టేజీ అంచుదాకా వచ్చి, పైకి చూసింది.

"ఆయన తాగున్నాడని సెప్పేవు కదన్నా!"

వరహాలు హార్మణీ మీంచి చెయ్యి తీసేశాడు.

తవిటయ్య తాగి ఉన్నాడని రాసిన కాగితం పది రోజులకొచ్చింది. అప్పటికే చిలకమ్మ ఎలమంచిలిలో పరాయి పొలంలో కలుపు తీస్తోంది. అన్న గుమ్మం మళ్ళీ తొక్కలేదు.

పదేళ్ళయింది. అర్జునరావు ఇంకా మేస్త్రీయే. ఏటా సింహాచలం మెట్లెక్కి తలనీలాలిస్తాడు. ఏటా నల్లగానే మొలుస్తాయి.

"బావూ, మీ ఈడోళ్ళంతా నెరిసిపోనారు. ఎంత అదృష్టవంతులో!" అంటాడు కత్తి పట్టిన మంగలి.

అర్జునరావు తల ఇంకాస్త వంచుతాడు.

"సరిగ్గా సూడు నాయినా. ఒక్కటైనా తెల్లెంటిక ఉందేమో, సూడు."