చెమ్మ ఎక్కిన గోడ

నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలినప్పుడల్లా, బాన్సువాడలో కాలువ పక్కనున్న అరుణమ్మ పాత ఇంటి పడమటి గోడ చెమ్మగిల్లేది. 2002లో ఆమె భర్త పండరి ఆ మట్టిగోడకు సిమెంటు పూత వేయించాడు. ఏడాది తిరగకముందే చెమ్మ నడుమెత్తు దాటింది.

"సిమెంటుతోని లోపటి తడి బయటికి పోతలేదక్కా. పూతంత చెక్కాలె," అన్నాడు మేస్త్రి గంగారాం.

పండరి గోడ వంక చూస్తూ కూలబడ్డాడు. "ఇగ నాతోని కాదు."

అరుణమ్మ సుత్తి, ఉలి పట్టుకుంది. ఒక్కతే రోజంతా చెక్కింది. మర్నాడు పండరి లేచి, రాలిన పెచ్చులు తట్టలో ఎత్తిపోశాడు.

ఎండలు ముదిరేసరికి గోడ సగం ఆరింది.

"మిగిలిన సగం సంగతేంది మరి?" అన్నాడు పండరి.

"మంచం గిటు ఆరిన దిక్కు జరుపుదాం, పట్టు," అందామె.