ఇరవై ఒకటో చేప

మా అల్లుడిది ధారాళమైన చెయ్యి. ఎవరైనా ఇరవై మొక్కలు కొంటే ఇరవై ఒకటి కట్టిస్తాడు. "దారిలో ఒకటి వాడినా వాళ్లకి లెక్క తగ్గదు కదా అత్తయ్యా" అంటాడు. నర్సరీ నాది, మంచిపేరు అతనిది. పోనీలే అని ఊరుకునేదాన్ని. ఆ అలవాటే ఒకరోజు మా కొంప ముంచిందనుకున్నాను.

మా నర్సరీ వాగు ఒడ్డునే ఉంది. ఎగువన బొగ్గు కోసం నేలంతా తవ్వి పెద్ద గొయ్యి చేశారు. గోతిలో ఊరే నీళ్లను మోటార్లు పెట్టి రాత్రింబవళ్లు తోడిపోశారు. ముందు మా బావి అడుగంటింది. ఆ తర్వాత, తవ్విపోసిన రాళ్లగుట్టల మీద వాన పడి, ఆ నీళ్లన్నీ వాగులో కలిశాయి. వాగులో రాళ్లకు తుప్పురంగు పట్టింది గానీ నీళ్లు మాత్రం అద్దంలా తేటపడ్డాయి. నాచు లేదు, పురుగు లేదు. ఎంత శుభ్రంగా ఉన్నాయో అని మురిసిపోయి గులాబీలకు పెట్టాం. వారం తిరక్కుండానే ఆకుల అంచులు మాడిపోయాయి. నీళ్లలో పులుపు చేరిందనీ, బతికేదేదీ లేకనే అంత తేటగా కనిపిస్తున్నాయనీ తర్వాత ఎవరో పరీక్ష చేసి చెప్పారు. వాగు నీళ్లు వాడకూడదని బోర్డు కూడా పెట్టారు.

అప్పట్నుంచీ మాకు ట్యాంకరే గతి. సగం షెడ్లు ఖాళీ అయిపోయాయి. ఈ ఎండాకాలం కూడా వాగు నీళ్లు పనికి రాకపోతే నర్సరీకి తాళం వేయడమేనని నేనూ అల్లుడూ ఒక మాటనుకున్నాం. ఆ మాట మా అమ్మాయికి చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు.

చివరికి గనివాళ్లు సున్నపురాయి పరిచిన కాలువ ఒకటీ, మడ్డి కిందికి దిగే మడుగులూ కట్టారు. గుట్టల నీళ్లు వాటిగుండా పోయి, పులుపు విరిగాక వాగులో పడుతున్నాయన్నారు. మాటలు నమ్మే రోజులు ఎప్పుడో పోయాయి. అందుకని నీటి శాఖ మేడమ్ ఒక వల బోను తెచ్చి, మా గట్టు కింద వాగులో దించి, తోక మీద గుర్తు పెట్టిన ఇరవై చేపల్ని అందులో వదిలింది. వారం తర్వాత అవి బతికుంటే బోర్డు తీసేస్తారు. కాపలా మాది.

"ఎవరూ ముట్టుకోకూడదమ్మా. ఎవరి చెయ్యి పడినా పరీక్ష రద్దు. మళ్లీ వచ్చే ఏడే" అని మరీ మరీ చెప్పి వెళ్లింది.

మా అల్లుడు పొద్దున లేస్తే ఆ బోను ముందే.

"అత్తయ్యా, ఆ మూలనున్నది కాస్త డల్‌గా ఉందండీ."

"చేప నవ్వుతుందా ఏంటి బాబూ? వెళ్లి మొక్కలు చూసుకో."

"అది పోతే ఎలాగండీ?"

"నువ్వలా గుడ్లప్పగించి చూస్తే భయంతోనే పోతుంది. పద."

పైకి అలా అన్నాను గానీ, అతను అటు వెళ్లగానే నేనూ వంగి ఆ మూలనే చూశాను.

చివరి రోజు మేడమ్ వచ్చి చేపల్ని ఒక్కొక్కటిగా పట్టి తొట్టిలో వేస్తూ లెక్కపెట్టింది. పంతొమ్మిది. ఇరవై. అన్నీ బతికున్నాయి! నాకు ప్రాణం లేచొచ్చింది. అల్లుడు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

మేడమ్ మాత్రం ఇంకా బోనులోకే చూస్తోంది. "ఆగండి. ఇంకొకటి ఉంది."

నా చూపు తిన్నగా అల్లుడి మీదికి పోయింది. ఇరవైకి ఇరవై ఒకటి! ఇంకెవరు చేస్తారీ పని? ఒకటి పోతుందేమోనని భయపడి ఎక్కణ్నుంచో ఇంకోటి తెచ్చి పడేశాడు. అంతే, ఒంటికాలి మీద లేచాను.

"ఎక్కడ కొన్నావ్? మొక్కలు సరిపోలేదా, చేపలక్కూడా కొసరు వేశావా? చేతులారా నర్సరీ మూయించావు కదయ్యా!"

"నేను కాదత్తయ్యా! ఒట్టు, నేను చెయ్యే పెట్టలేదు."

"నోరు ముయ్యి!"

మేడమ్ మా గొడవ పట్టించుకోకుండా ఆ చేపను అరచేతిలోకి తీసుకుంది. చిటికెనవేలంత ఉంది. సన్నని మీసాలు, ఒళ్లంతా చారలు. తోక మీద గుర్తు లేదు. మేడమ్ నవ్వింది.

"ఆయన్ని తిట్టకండమ్మా. దీన్నెవరూ పెంచరు, ఎవరూ అమ్మరు. రాళ్ల కింద బతుకుతుంది. నీళ్లు చెడితే ముందు పోయేది ఇదే. ఎగువ పాయల్లో ఎక్కడో మిగిలి, దిగి వచ్చినట్టుంది. వల కన్నంలోంచి దానంతటదే దూరింది."

నమ్మలేక చూస్తుంటే ఆవిడే వాగులో ఒక రాయి ఎత్తింది. అలాంటివే రెండు చటుక్కున పక్క రాయి కిందికి దూరాయి. నేను అక్కడే గట్టు మీద కూర్చుని, సిగ్గూ ఎగ్గూ లేకుండా ఏడ్చేశాను.

"మరి మా బావి?" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"దానికి ఏళ్లు పడుతుందమ్మా. అక్కడ తోడడం ఆపాకే నేలలో నీళ్లు మెల్లగా పైకొస్తాయి. వాగు మాత్రం ఇవాళ్టి నుంచి వాడుకోండి" అని బోర్డు ఊడబీకించి వెళ్లిపోయింది.

నేను మోటారు దగ్గరికి పరిగెత్తాను. స్విచ్ మీద చెయ్యి వేశానో లేదో అల్లుడు కేకేశాడు.

"అత్తయ్యా, వెయ్యకండి!"

చూస్తే, నడుంలోతు నీళ్లలో నిలబడి, మొక్కలకు నీడ కోసం కప్పే షేడ్ నెట్ ముక్క ఒకటి పైపు మూతికి చుడుతున్నాడు. "ఈ పైపు మూతి కన్నాలు పెద్దవండీ. ఆ చిన్న చేపల్ని మోటారు లోపలికి లాగేస్తుంది."

ఇన్నాళ్లూ ఎండిన మొక్కలు ఇంకాసేపు ఆగలేవా? బట్టలు తడుస్తున్నా లెక్కచేయకుండా నేనూ నీళ్లలోకి దిగి పైపు పట్టుకున్నాను.

"నా నోరు మంచిది కాదు బాబూ" అన్నాను.

"తెలుసండీ" అన్నాడు ముడి బిగిస్తూ. "కాస్త గట్టిగా పట్టుకోండి."